ఘంటసాలా? సౌందరరాజనా? — కోయంబత్తూరు, మధుర తెలుగువారి పాటల తగవు

తెలుగువారు నలుగురు చేరినచోట అయిదు పక్షాలు ఏర్పడతాయని పెద్దలు వేళాకోళంగా అంటూ వుంటారు. తగవులలో ఇల్లు చెరిపేవి కొన్ని, ఇల్లు నిలిపేవి కొన్ని. కోయంబత్తూరు, మధుర ప్రాంతాల పాత తెలుగు ఇండ్లలో 1970 మొదలు 1975 దాకా జోరుగా సాగిన ఒక తగవు ఈ రెండవ కోవలోనిది. అది పొలం గట్టు తగవు కాదు, పెండ్లి లాంఛనాల తగవు కాదు. సినిమా పాటల తగవు. ఘంటసాల గొప్పవాడా, సౌందరరాజన్ గొప్పవాడా? "ప్రేమనగర్" పాటలు మేలా, "వసంత మాళిగై" పాటలు మేలా? సుశీల గొంతు తెలుగులో తియ్యగా వుంటుందా, తమిళంలోనా? విస్తట్లో అన్నం చల్లారిపోయేదాకా ఈ వాదాలు నడిచేవి.

సినిమా పాటలకు చరిత్ర వ్యాసమా అని కొందరు నొసలు చిట్లించవచ్చు. వారికి మా మనవి ఒక్కటే. తరతరాలుగా తమిళదేశంలో కాపురమున్న మనవారికి తమ ఇంటి మాటను గురించి గొంతెత్తి మాట్లాడుకొనే సందర్భాలు ఎక్కువగా రాలేదు. ఆ అయిదారేండ్లలో పాటల మిషతో అటువంటి సందర్భం వచ్చింది. అందుచేత ఆ ముచ్చటను ఈ ఉగాది సంచికకు ఎక్కించదలచాము.

మధురలో పాట కొత్త కాదు

మధురలో తెలుగు పాట నిన్న మొన్న పుట్టింది కాదు. 1529 ప్రాంతంలో విశ్వనాథనాయకుడు మధుర పాలనకు వచ్చినది మొదలు 1736 వరకు అక్కడి నాయకరాజుల కొలువులో తెలుగు చెల్లుబడి అయింది. తిరుమలనాయకుని ఏలుబడిలో (1623–1659) క్షేత్రయ్య మధురకు వచ్చాడు. తిరుమలేంద్రుడు తనను ఎదుట కూర్చుండబెట్టుకొని రెండువేల పదాలు పాడించుకొన్నాడని ఆయనే ఒక పదంలో చెప్పుకొన్నాడు. అదే పదంలో గోలకొండలో నలభై దినాలలో పదిహేనువందల పదాలు పాడిన సంగతి కూడా వుంది. పాటలకు లెక్కలు కట్టడం, ఒక కొలువును మరొక కొలువుతో పోల్చి చెప్పడం ఆనాటినుంచీ వున్న అలవాటేనన్నమాట! తర్వాత విజయరంగ చొక్కనాథుని కాలంలో (1706–1732) సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రచించాడు. ఈ దక్షిణదేశపు రచనల కాలాన్నే మన సాహిత్య చరిత్రకారులు దక్షిణాంధ్ర యుగమన్నారు.

ఈ దేశానికి వచ్చినవారు రాజులు, సైనికులు మాత్రమే కారు. నల్లరేగడి నేలలను సాగులోకి తెచ్చిన కమ్మవారు, రెడ్లు. వర్తకం చేసిన బలిజలు. మగ్గం నేసిన దేవాంగులు. పశువులు కాసిన రాజకంబళంవారు. పొలాలలో, తోలు పనులలో చెమటోడ్చిన అరుంధతీయులు — వీరెందరో తెలుగు మాటను మూటగట్టుకొని వచ్చారు. రాజ్యాలు పోయినా ఆ మాట పోలేదు. కాని తెలుగు చదువు మాత్రం క్రమంగా జారిపోయింది. బడిలో తమిళం, కచేరీలో ఇంగ్లీషు, ఇంట తెలుగు అనే ఏర్పాటు స్థిరపడింది. సంగీత సభలలో త్యాగరాజస్వామి కృతులు మారుమ్రోగుతూనే వున్నా, అవి మన ఇంటి తెలుగుకు దూరపు చుట్టాల వంటివి. పైగా 1943లో వెలసిన తమిళ ఇసై సంగం తమిళనాట తమిళ పాటకు పెద్దపీట వేయాలని కోరింది. ఆ కోరిక న్యాయమైనదే. కాని మన ఇంటి తెలుగుకు పాట ఎక్కడిది? అటువంటి స్థితిలో వచ్చి ఆదుకొన్నది సినిమా.

కోయంబత్తూరు స్టూడియోలు

సినిమా మొదటినుంచీ రెండు భాషల బిడ్డ. తమిళంలో మొదటి టాకీగా పేరుపొందిన "కాళిదాస్" (1931)లో నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే, నాయకుడు తెలుగు మాట్లాడాడు. ఆ తర్వాత కోయంబత్తూరులోనే సెంట్రల్ స్టూడియో వెలసింది. 1945లో ఎస్. ఎం. శ్రీరాములునాయుడుగారు పక్షిరాజా స్టూడియోను నెలకొల్పారు. వారు 1954లో "మలైక్కళ్ళన్" అనే కథను ఎం. జి. రామచంద్రన్‌తో తమిళంలో తీశారు. అదే కథను "అగ్గిరాముడు" పేరుతో నందమూరి తారకరామారావుతో తెలుగులో తీశారు. మరుసటి ఏడు "ఆజాద్" పేరుతో దిలీప్‌కుమార్‌తో హిందీలో తీశారు. నూలుమిల్లుల ఊరిలో ఒకే బేలు దూదినుంచి మూడు రకాల నూలు తీసినట్లు, ఒకే కథను మూడు భాషలలో నడిపించారు.

ఈ స్టూడియోల చరిత్రలో మన తగవుకు సంబంధించిన సంగతి ఒకటి వుంది. సెంట్రల్ స్టూడియోలో తయారైన "కృష్ణ విజయం" (1950) చిత్రంతోనే టి. ఎం. సౌందరరాజన్ నేపథ్య గాయకుడయ్యారు. ఆ చిత్రానికి పనిచేసిన సంగీత దర్శకులలో ఎస్. ఎం. సుబ్బయ్యనాయుడుగారు ఒకరు. "మలైక్కళ్ళన్"లో రామచంద్రన్‌కు సౌందరరాజన్ గొంతు అమర్చినది కూడా సుబ్బయ్యనాయుడుగారే. ఎం. ఎస్. విశ్వనాథన్ కూడా కోయంబత్తూరులో ఈ నాయుడుగారివద్ద పనిచేసి పైకివచ్చినవారే. కనుక తమిళ పక్షంవారు ఎవరి పేరు చెప్పి మీసం దువ్వేవారో ఆ గొంతుకు మొదటి మైకు మన కోయంబత్తూరులోనే దొరికింది.

ఇద్దరూ 1922లో పుట్టినవారే

ఇక అసలు తగవుకు వద్దాము. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు కోయంబత్తూరు, మధుర మద్రాసు రాష్ట్రంలోనే నిలిచాయి. 1969 జనవరి 14న ఆ రాష్ట్రానికి తమిళనాడు అనే పేరు వచ్చింది. ఆ రోజుల్లో కొత్తగా పెరుగుతున్న పిల్లలు బడిలోనూ వీధిలోనూ తమిళ పాటలే పాడుకొనేవారు. ఇంటి పెద్దలలో కొందరు తెలుగు పాటల పక్షం వహించారు. తెలుగు చిత్రాలు మన ఊళ్ళకు తక్కువగా వచ్చినా, పాటలు మాత్రం గాలిలో వచ్చేవి. విజయవాడకు, గుంటూరుకు పోయివచ్చే చుట్టాలు గ్రామఫోను రికార్డులు తెచ్చేవారు. రేడియో సిలోన్‌లో తమిళ పాటలతోపాటు మీనాక్షి పొన్నుదురైగారి తెలుగు కార్యక్రమం కూడా వినవచ్చేది. పెండ్లిపందిట్లో మైకుసెట్టువాడు ఒక తమిళ రికార్డు వేస్తే, పెండ్లివారి తరపు పెదనాయన ఒకరు లేచిపోయి తెలుగు రికార్డు వేయించేవారు. అక్కడ మొదలయ్యేది రగడ.

తమిళ పక్షంవారి వాదం బలమైనదే. సౌందరరాజన్ శివాజీ గణేశన్‌కు పాడితే శివాజీ పాడినట్లే వుంటుంది, రామచంద్రన్‌కు పాడితే రామచంద్రనే పాడినట్లు వుంటుంది, ఒక గొంతులో రెండు మనుషులను నిలపడం ఎవరితరమని వారు అడిగేవారు. తెలుగు పక్షంవారు పద్యం ఎత్తుకొనేవారు. పద్యంలో ప్రతి అక్షరం ముత్యంలా పలికి, భావానికి తగిన రాగం తొడిగి నిలపడం ఘంటసాలవారికే చెల్లిందనేవారు. ఆ వాదమూ కాదనలేనిదే.

అయితే ఆ రగడలో ఎవరికీ తట్టని వింత ఒకటి వుంది. ఇద్దరు గాయకులూ 1922లో పుట్టినవారే: సౌందరరాజన్ మార్చిలో మధురలో, ఘంటసాల డిసెంబరులో కృష్ణాజిల్లాలో. పోతే, సౌందరరాజన్‌గారి ఇంటి భాష తమిళం కాదు, సౌరాష్ట్రం. ఉత్తరాదినుంచి నేతపనితో వచ్చి మధురలో స్థిరపడిన సౌరాష్ట్రులు కూడా మనవలెనే ఇంట ఒక మాట, వీధిలో ఒక మాట మాట్లాడేవారు. వీధి మాటలో అంత ఎత్తుకు ఎదిగిన గాయకుడు ఇంటి మాటను విడువనక్కరలేదని ఆయన జీవితమే చెబుతుంది. తమిళ పక్షంవారి వీరుడు ఆ విధంగా మనకే పాఠం చెప్పినవాడయ్యాడు.

సుశీలగారి సంగతి ఇంకా చిక్కు. ఆమె విజయనగరం ఆడపడుచు. నేపథ్య గాయనికి జాతీయ బహుమతి మొట్టమొదట 1968 సంవత్సరానికి ఆమెకే వచ్చింది. అది తమిళ చిత్రం "ఉయర్‌న్ద మనిదన్"కు. 1971లో రెండవసారి వచ్చింది; అదీ తమిళ చిత్రం "సవాలే సమాళి"కే. తెలుగు పాటకు జాతీయ బహుమతి ఆమెకు 1976లో "సిరిసిరిమువ్వ"తో గాని రాలేదు. "చూశారా, మీ సుశీలను గుర్తించినది మా పాట" అని తమిళ పక్షం. "మీ పాటకు బహుమతి తెచ్చినది మా సుశీల" అని తెలుగు పక్షం. ఈ వాదానికి తీర్పు చెప్పగలవాడు నేటికీ పుట్టలేదు.

ఇంతలో మూడవ గొంతు ఒకటి వచ్చింది. నెల్లూరు ప్రాంతంనుంచి వచ్చిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం 1969లో "శాంతి నిలయం", "అడిమైప్పెణ్" చిత్రాలతో తమిళుల మన్నన పొందాడు. తన తమిళ ఉచ్చారణ దిద్దుకొని రమ్మని విశ్వనాథన్‌గారు మొదట చెప్పి పంపినట్లు ఆయనే పలుమార్లు చెప్పాడు. వెళ్ళి నేర్చుకొని వచ్చాడు. మన పిల్లలు ఆ కుర్రవాని పక్షం చేరారు. ఇతడు మీవాడా, మావాడా అని అడిగితే "మావాడే" అని రెండు పక్షాలూ ఒక్క గొంతుతో అన్న గాయకుడు ఇతడొక్కడే.

ఒకే కథ, రెండు బాణీలు

తగవు ముదిరినది "ప్రేమనగర్"తో. రామానాయుడుగారు నిర్మించగా కె. ఎస్. ప్రకాశరావుగారి దర్శకత్వంలో 1971 సెప్టెంబరులో ఈ చిత్రం వచ్చింది. సరిగా ఏడాదికి, 1972 సెప్టెంబరులో, అదే దర్శకుడు అదే కథను "వసంత మాళిగై"గా తమిళంలో తీశారు. తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో శివాజీ. రెంటిలోనూ నాయిక వాణిశ్రీయే. రెంటికీ సంగీతం కె. వి. మహదేవన్‌గారే. తెలుగు పాటలు ఆచార్య ఆత్రేయవి, తమిళ పాటలు కణ్ణదాసన్‌వి. తెలుగున ఘంటసాల, సుశీల. తమిళాన సౌందరరాజన్, సుశీల. తూకం వేసి చూసుకొనడానికి ఇంతకంటె సమమైన త్రాసు ఎక్కడ దొరుకుతుంది?

ఒకే సంగీత దర్శకుడు గనుక వరుసలు కూడా ఒకటేనని వినని వారనుకొంటారు. చాలా పాటలలో వరుసలు వేరు. కారణం మహదేవన్‌గారి పద్ధతి. ఆయన ముందు కవిచేత పాట రాయించుకొని, ఆ మాటల నడకనుబట్టి వరుస కట్టేవారు. ఆత్రేయ మాటల నడక వేరు, కణ్ణదాసన్ మాటల నడక వేరు. కనుక బాణీలు వేరైనాయి. ఒకే సన్నివేశం, ఒకే దుఃఖం, ఒకే సంగీతజ్ఞుడు. అయినా తెలుగు ఒక దారిన నడిచింది, తమిళం మరొక దారిన నడిచింది. భాష మారితే పాట ఎందుకు మారుతుందో పండితులు పుస్తకాలు రాసి చెప్పవలసిన సంగతిని మన పెరటి అరుగులమీద అమ్మలక్కలు చెవితో విని తేల్చుకొన్నారు.

ఇందులో మరొక విశేషం కూడా మనవి చేయాలి. మహదేవన్‌గారు నాగర్‌కోయిల్ వైపు తమిళులు. అయినా తెలుగువారు ఆయనను "మామ" అని తమ వరుసలో కలుపుకొన్నారు. ఇక ఆత్రేయ సూళ్ళూరుపేట దగ్గరి పల్లెలో, తమిళదేశపు సరిహద్దుకు కూతవేటున పుట్టినవారు. వారు వాడిన మాటలు సమాసాలు లేని ఇంటి మాటలు. కృష్ణా, గోదావరి మాటలకు అలవాటు లేని మన అవ్వలకు కూడా ఆత్రేయ పాట వింటే అర్థం కావడానికి కారణం అదేనని మా అభిప్రాయం.

ఒకే బాణీ, రెండు మాటలు

దీనికి ఎదురుదారి మరొకటి వుంది. 1974లో కె. బాలచందర్ తీసిన "అవళ్ ఒరు తొడర్‌కథై"కి విశ్వనాథన్ సంగీతం సమకూర్చారు. 1976లో అది తెలుగులో "అంతులేని కథ" అయినప్పుడు పలు పాటలకు తమిళ బాణీలనే వుంచారు. కణ్ణదాసన్ నడిచిన బాటలోనే ఆత్రేయ అడుగులు వేయవలసివచ్చింది. గాయకులలో కూడా బాలసుబ్రహ్మణ్యం, జేసుదాసు, ఎల్. ఆర్. ఈశ్వరి రెండు చిత్రాలలోనూ పాడారు. ఇక్కడ బాణీ మారలేదు, గొంతు మారలేదు. మాట ఒక్కటే మారింది. పరుల కొలతకు కుట్టిన చొక్కా మనకు నప్పుతుందా అని కొందరు అడిగారు. నప్పిందని తెలుగుదేశమంతా ఒప్పుకొన్నది. ఈ రెండు జతలనూ పక్కపక్కన పెట్టుకొని వినడం సంగీత పాఠశాలలో ఒక ఏడు చదివినంత పెట్టు.

ఈ నడుమనే 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలవారు కన్నుమూశారు. ఆనాడు పక్షాలు లేవు. ఆ మే నెలలో వచ్చిన "అల్లూరి సీతారామరాజు"లో ఆయన గొంతు మళ్ళీ వినిపించింది. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు ఆ సంవత్సరపు జాతీయ బహుమతి వచ్చింది. ఆయన పాడిన భగవద్గీత రికార్డు, తెలుగు అక్షరం రాని మన ఇండ్లకు కూడా చేరింది.

అక్షరం లేని పాటల పుస్తకం

ఇప్పుడు ఈ వ్యాసానికి ప్రాణమైన సంగతి చెప్పాలి. ఆనాడు పాటలు నచ్చినవారు నోటుపుస్తకంలో రాసుకొనేవారు. మన ఇండ్లలో తెలుగు పాటను రాసుకొన్నది చాలావరకు తమిళ అక్షరాలలో. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. త, థ, ద, ధ లకూ ఒకటే. ఆ లిపిలో ఘంటసాల పేరు "కణ్టసాలా" అవుతుంది. "గాలి" అని రాసుకొన్నదానిని "కాలి" అని చదువుకొనవచ్చు. పాట చెవిన పడినంతకాలం ఏ చిక్కూ లేదు. రాత తప్పినా చెవి దిద్దుతుంది. చెవిన పడడం ఆగిపోతే ఆ నోటుపుస్తకాన్ని సరిగా చదవగలవారు వుండరు.

ఆ పాటల తగవు చేసిన మేలు ఇక్కడ వుంది. వాదించాలంటే రెండు భాషలూ తెలియాలి. ఒక్క తమిళమే వచ్చినవానికి ఘంటసాల ఎందుకు గొప్పో తెలియదు. ఒక్క తెలుగే వచ్చినవానికి కణ్ణదాసన్ రుచి తెలియదు. గుంటూరులోని తెలుగువాడుగాని, తంజావూరులోని తమిళుడుగాని ఈ తగవులో తీర్పరి కాలేడు. మన కోయంబత్తూరు, మధుర ఇండ్లవారే కాగలరు. వాదంలో నెగ్గాలనే పట్టుదలతో పిల్లలు పాటలోని మాటలకు అర్థం అడిగేవారు. పెద్దలు తెలిసినదానికి చెప్పేవారు, తెలియనిదానికి చుట్టాలకు జాబు రాసేవారు. బడి నేర్పని తెలుగును ఆ కొద్ది ఏండ్లు పాటల కయ్యం నేర్పింది.

ఆ తర్వాత

1976లో ఆ తగవుకు తెరపడింది. ఆ ఏడు "అన్నక్కిళి" చిత్రంతో ఇళయరాజా వచ్చారు. వారిది అప్పటి మధుర జిల్లాలోని పణ్ణైపురం. వారి బాణీలు త్వరలోనే రెండు భాషలనూ ఏలాయి. పోలిక పెట్టుకొనే ఆట పాతబడింది. అదే 1976లో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌వారైన కి. రాజనారాయణన్ "గోపల్ల గ్రామం" అనే నవల వెలువరించారు. తెలుగుదేశంనుంచి మనవారు వలసవచ్చిన కథ అది. మన అవ్వలు తెలుగులో చెప్పిన కథ అచ్చుకెక్కినది తమిళంలో. ఆ పుస్తకం చదివి సంతోషించినవారిలో మేమూ వున్నాము. కాని ఆ కథను చెప్పిన మాటలోనే చదువుకొనే భాగ్యం మనకు లేదు గదా అన్న వెలితి కూడా కలిగింది.

2006లో తమిళనాడు ప్రభుత్వం బడులలో తమిళాన్ని నిర్బంధ పాఠ్యభాషగా చేస్తూ చట్టం తెచ్చింది. ఉంటున్న దేశపు భాష నేర్వడం మన విధి. మనవారు అందులో ఎన్నడూ వెనుకబడలేదు. అయితే ఆ చట్టంతో బడిలో తెలుగుకు మిగిలిన చోటు మరింత కురచ అయింది. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాష అని చెప్పుకొన్నవారు ఈ రాష్ట్రంలో సుమారు 42 లక్షలమంది. వారిలో తెలుగు అక్షరం చదవగలవారు ఎందరో ఎవరి ఇంట్లో వారు లెక్కపెట్టుకొంటే చాలును. మన పిల్లలు తల్లి తెలుగులో పిలిస్తే తమిళంలోనో ఇంగ్లీషులోనో బదులు పలకడం ఈనాడు సర్వసాధారణం. బాధ కలిగించేది మరొకటి: ఇంట్లో పాటల తగవు లేదు. తెలుగు పక్షం వహించేవారు లేక తగవు తనంతట తానే సద్దుమణిగింది. ఇటువంటి శాంతి మనకు లాభం కాదు.

పోయిన రాజ్యాలను ఎవరూ తేలేరు. పోయిన తగవును మాత్రం తెచ్చుకొనవచ్చు. ఆనాడు రికార్డుకోసం చుట్టాలమీద ఆధారపడినవారు వుండేవారు. ఈనాడు ఆ పాటలన్నీ పిల్లల చేతిలోని ఫోనులోనే వున్నాయి. మన సంఘ సభ్యులకు మా విన్నపం ఇది. ఈ పండుగ సెలవులలో ఒక సాయంకాలం "ప్రేమనగర్" పాటలను, "వసంత మాళిగై" పాటలను జతగా వినిపించండి. ఇంట్లో ఎవరు ఏ పక్షమో తేల్చమనండి. ఒక్కొక్క పాటలో తెలియని మాటలు అయిదు ఏరి అవ్వను, తాతను అడగమనండి. వారు చెప్పిన అర్థాన్ని తెలుగు అక్షరాలలో రాయించండి. అక్షరాలు రాకపోతే ఆ పాట మిషతోనే నేర్పండి. తమిళ నోటుపుస్తకంలో దాచిన పాటలు పాత ట్రంకుపెట్టెలో వుంటే, వినగలవారు బ్రతికివుండగానే తెలుగు లిపిలోకి ఎత్తించండి. ఇందుకు ఖర్చు లేదు, ప్రభుత్వ అనుమతి అక్కరలేదు.

ఘంటసాలా, సౌందరరాజనా అంటే మా తీర్పు ఏమిటని పాఠకులు అడగవచ్చు. మేము తీర్పు చెప్పము. చెబితే తగవు ముగిసిపోతుంది. ముగియకుండా మన పిల్లలదాకా, వారి పిల్లలదాకా సాగాలని ఈ నూతన సంవత్సరంలో కోరుకొంటున్నాము.